తాడు లాగిన చెయ్యి

మాది పర్చూరు దగ్గర పల్లె. ఇది జరిగినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడి నేల. మా నాన్న ఈ నేలలో పత్తి పండించాడు, నేను మిరప పండిస్తున్నాను. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. మందు కొట్టే ఇంజను స్టార్టు కాక నేను చావు దాకా వెళ్లి వచ్చాను. అప్పట్లో నాకు అంతుపట్టని సంగతులు తర్వాత ఒక్కొక్కటిగా తెలిశాయి. అవి మిగతావాళ్లకు కూడా తెలియాలని రాస్తున్నాను.

2021లో దీపావళి నాటికి చేను నడుమెత్తు పెరిగింది. తేజ రకం. పూత విరగబూసింది. గట్టు మీద నిలబడి చూసినవాళ్లంతా ఈ ఏడు నీకు ఢోకా లేదన్నారు. పండగ వెళ్లిన పది రోజులకి పూత రాలడం మొదలుపెట్టింది. సాళ్ల మధ్య నల్లమట్టి మీద తెల్లటి పూలు పరిచినట్టు పడి ఉండేవి. ఒక పువ్వు తుంచి అరచేతిలో తట్టి చూశాను. నువ్వుగింజకంటే సన్నటి నల్లపురుగులు వేళ్ల సందుల్లోకి పరుగెత్తాయి. ఒక్క పువ్వులో పదిహేను, ఇరవై.

తామర పురుగు మాకు కొత్త కాదు. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఇది మాత్రం నేరుగా పువ్వులోనే కాపురం పెట్టింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిందనీ, దీని పేరు త్రిప్స్ పార్విస్పైనస్ అనీ, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడిందనీ తర్వాత చదివాను. మేమంతా నల్ల తామర అన్నాం. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం, కృష్ణా, అటు ఖమ్మం దాకా మిరప వేసినవాడు ఎవడూ దాన్ని మర్చిపోడు. అదే పనిగా మందులు కొట్టొద్దు, దాన్ని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి, నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి అని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. కళ్లముందు పూత రాలిపోతుంటే ఆ మాట చెవికెక్కలేదు. నాలుగు రోజులకోసారి కొట్టాం. మూడేసి మందులు కలిపి కొట్టాం. అది మేం చేసిన తప్పే.

నా దగ్గరున్నది వీపుకి తగిలించుకునే పెట్రోలు స్ప్రేయరు. మావైపు తైవాన్ స్ప్రేయరంటారు. 26 సీసీ టూస్ట్రోక్ ఇంజను, 20 లీటర్ల ట్యాంకు. నిండుగా ఉంటే ముప్ఫై కిలోలు దాటుతుంది. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపి పోయాలి. పెట్రోలు ఎక్కించే బల్బు నాలుగుసార్లు నొక్కి, చోక్ వేసి, తాడు లాగితే అందుకుంటుంది. మూడేళ్లు ఏ పేచీ లేకుండా నడిచింది. సరిగ్గా ఆ సీజన్లోనే మొరాయించింది.

దాని జబ్బు తీరు ఇది. పొద్దున మొదటి ట్యాంకుకి రెండో లాగుకే అందుకునేది. రెండో ట్యాంకు సగంలో, నేను చేను నడిమధ్యలో ఉండగా, గొంతు పట్టేసినట్టు ఠక్కున ఆగిపోయేది. ఇక ఎంత లాగినా ఉలకదు. ప్లగ్గు విప్పితే పెట్రోలుతో తడిసి ఉండేది. ప్లగ్గు తడిసిందంటే పెట్రోలు ఎక్కువ వస్తోందని నేను అనుకున్నాను. ఈ ఒక్క పొరపాటు దగ్గరే నా కథంతా ఉంది. తుడిచి, ఎండబెట్టి, కార్బురేటరు విప్పి, జెట్టు ఊది, మళ్లీ బిగించేసరికి ముప్పావుగంట పట్టేది. అప్పుడు అందుకునేది. చూశావా, కార్బురేటరులోనే ఉంది దోషం అనుకునేవాణ్ణి.

మూడుసార్లు పేటకి తీసుకెళ్లాను. పేట అంటే చిలకలూరిపేట. బండి మీద కట్టుకుని, అంత దూరం గాలికి తీసుకెళ్లి మెకానిక్కు ముందు పెడితే ఒక్క లాగుకే అందుకునేది. "బానే ఉందిగా అన్నా" అనేవాడు. నా తృప్తి కోసం ఒకసారి ప్లగ్గు మార్చాడు, ఒకసారి డయాఫ్రమ్ కిట్టు వేశాడు, ఒకసారి సైలెన్సరులో మసి గీకాడు. మూడుసార్లకీ కలిపి పద్నాలుగు వందలు అయింది. అతన్ని నేను ఒక్క మాట అనను. అతని చేతికి నేనెప్పుడూ జబ్బుగా ఉన్న ఇంజను ఇవ్వలేదు. చల్లారిపోయిన ఇంజనునే ఇచ్చాను.

డిసెంబరు రెండో వారం. ఆ రోజు తేదీ ఆసుపత్రి కాగితాల్లో ఉంది కానీ నాకు గుర్తున్నది మంచే. ఎనిమిదిన్నర దాకా ఆకు మీద నీళ్లు కారుతున్నాయి. మంచు ఆరాక మొదలుపెట్టాం. మా ఆవిడ డ్రమ్ము దగ్గర కర్రతో మందు కలుపుతోంది. కలిపిన మూడింట్లో ఒకటి ప్రొఫెనోఫాస్. ఆ వాసన తెలిసినవాళ్లకి తెలుసు, కుళ్లిన వెల్లుల్లిలా గొంతులో నిలిచిపోతుంది. నేను పొట్టి చేతుల చొక్కా వేసుకుని ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాను. చేతులకి తొడుగుల్లేవు. ఇరవై ఏళ్లుగా అట్లాగే కొడుతున్నాను.

రెండో ట్యాంకులో, తొమ్మిదిన్నరకి ఇంజను ఆగింది.

ఆగాక ఏం చేస్తామో మందు కొట్టని వాళ్లకి తెలియదు కాబట్టి చెబుతాను. నిండు ట్యాంకుని వీపు మీద నుంచి దించి సాలులో నిలబెట్టాలి. రేగడి మట్టిలో అది సరిగా నిలవదు. ఎడమచేత్తో మిషను నెత్తి అదిమిపట్టి, మోకాలు ఆనించి, కుడిచేత్తో తాడు గుంజాలి. గుంజినప్పుడల్లా మిషను ఊగుతుంది. నా ట్యాంకు మూత లోపలి వాషరు ఎండిపోయి పగిలింది. ఊగినప్పుడల్లా మూత అంచు నుంచి మందునీళ్లు చిమ్మి నా మోకాలి మీదా, చేతి మీదా, పొట్ట మీదా పడుతున్నాయి. మళ్లీ వీపుకెత్తుకుంటే వెన్నెముక పొడుగునా చల్లగా దిగుతున్నాయి. ఆ చల్లదనం ఎండలో హాయిగా కూడా అనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

ప్లగ్గు విప్పాను. తడి. కార్బురేటరు విప్పాను. జెట్టు తీసి, అందులో చెత్త ఉందేమోనని, నోట్లో పెట్టుకుని ఊదాను. మందు అంటిన వేళ్లతో పట్టుకున్న జెట్టు అది. చేదుగా తగిలితే పక్కకి ఉమ్మి మళ్లీ ఊదాను. బిగించి లాగితే అందుకుంది. పది నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. మళ్లీ విప్పాను, మళ్లీ ఊదాను. అందుకుంది. ఈసారి అరసాలు కూడా పోలేదు.

పదకొండు దాటింది. మూడోసారి విప్పుతున్నప్పుడు ప్లగ్గు మొన మసకగా రెండుగా కనపడింది. చెమట కళ్లలోకి పోయిందనుకున్నాను. తువ్వాలు తడిసిపోయింది, అది చెమట కాదు, నోట్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. టిఫిను పడలేదనుకున్నాను. మోచేతి కింద కండ దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. తాడు లాగీ లాగీ అట్లా అయిందనుకున్నాను. ప్రతి దానికీ నా దగ్గర ఒక జవాబుంది. మొదట్లో ఆ తాడు నా భుజం దాకా వచ్చేది. తర్వాత రొమ్ము దాకా, తర్వాత నడుము దాకా. చివరిసారి లాగినప్పుడు జానెడు కూడా రాలేదు, పిడి నా చేతిలోంచి జారి మిషనుకి కొట్టుకుంది. ఆ టక్కుమన్న చప్పుడు నాకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది మట్టి వాసన.

మా ఆవిడ చేసిన మూడు పనుల వల్ల నేను బతికాను. చొక్కా పంచె అక్కడే చించి తీసేసింది. డ్రమ్ములో నీళ్లు ముట్టుకోకుండా, తాగడానికి తెచ్చుకున్న బిందె, పక్క చేనువాళ్ల బిందె కలిపి నా ఒంటిమీద పోసి, బట్టల సబ్బుతో వీపు రుద్దింది. ఆటో ఎక్కించేటప్పుడు ఖాళీ మందు సీసాలు మూడూ టిఫిను సంచిలో వేసుకుంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఎవరూ నేర్పలేదు. "ఏ మందో తెలిస్తేనే గదా విరుగుడు ఇచ్చేది" అంది తర్వాత అడిగితే.

గుంటూరులో చేర్చినప్పుడు మొదట ఆమెని అడిగిన ప్రశ్న, "ఎందుకు తాగాడమ్మా?" అడిగినవాళ్ల తప్పు కాదు. మా జిల్లాల నుంచి మందు వాసనతో ఆసుపత్రికి వచ్చేవాణ్ణి ముందు అదే అడుగుతారు. 1987, 88లో పత్తికి తెల్లదోమ, శనగపచ్చ పురుగు పట్టి, కొట్టిన మందుకి పురుగు చావక, ఇదే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్న ఆ ఏడు చేనుకి పోయి పొద్దుగూకినా రాకపోతే మా అమ్మ లాంతరు పట్టుకుని వెతకడానికి వెళ్లడం నాకు గుర్తు. ఆ ప్రశ్న నా పిల్లల ముందు అడిగారు. "తాగలేదండీ, కొడుతుంటే పడిపోయాడు, ఇంజను స్టార్టు కాక" అని మా ఆవిడ పదిసార్లు చెప్పిందట. ఇంజను స్టార్టు కాకపోతే మనిషి పడిపోవడమేంటని ఎవరికీ అర్థం కాలేదట.

డాక్టరుగారు టార్చి వేసి చూస్తే కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉందట. ఈ జాతి మందు ఒంట్లోకి పోతే నరానికీ కండకీ మధ్య జరగాల్సిన పని అదుపు తప్పుతుంది. కండలు అదిరి అదిరి, ఆఖరికి సత్తువ లేకుండా పడిపోతాయి. ఊపిరి తీసే కండలు కూడా. దీనికి అట్రోపిన్ ఎక్కిస్తారు, ప్రాలిడాక్సిమ్ ఇస్తారు. రొమ్ములో గురగుర తగ్గేదాకా అట్రోపిన్ ఆపకుండా ఇవ్వాలి. అది ఎక్కేకొద్దీ నోరు పిడచకట్టుకుపోతుంది, మనిషికి మతి స్థిమితం ఉండదు. ఆ రాత్రంతా నేను మంచం మీద పడుకుని కుడిచేత్తో గాలిలో తాడు లాగుతూనే ఉన్నానట. మా అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుందట. అప్పటికి దానికి పదిహేనేళ్లు.

ఆరో రోజు ఇంటికి పంపారు. నెల దాకా చెంబు ఎత్తితే చెయ్యి వణికేది.

మమ్మల్ని చూడడానికి మా ఆవిడ పెదనాన్న వచ్చారు. నేను మామయ్యా అంటాను. ఎయిర్‌ఫోర్సులో ఇంజను ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. చివరి ఏళ్లు హైదరాబాదు పక్కన దుండిగల్ అకాడమీలో, అప్పట్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎగరడం నేర్చుకునే దీపక్ విమానాల మీద చేశారు. నా కథంతా విని, పలకరింపులు అయ్యాక, "ఆ మిషను ఏదీ అల్లుడూ" అన్నారు. పారేద్దామని పశువుల పాకలో పెట్టాను. ఆయనే బయటికి లాగి, సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగించి, ట్యాంకులో మంచినీళ్లు పోయించారు. స్టార్టు చేశారు. మొదటి లాగుకే అందుకుంది. నాకు కడుపు మండిపోయింది.

"ఆపకు, నడవనీ" అని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గడియారం చూస్తూ కూర్చున్నారు. ఇరవై మూడో నిమిషంలో ఠక్కున ఆగింది. ఆయన ఒక్క క్షణం ఆగలేదు. ముందే పానా చేతిలో పెట్టుకుని ఉన్నారు. ప్లగ్గు విప్పి, దాన్ని ప్లగ్గు తీగ టోపీలో గుచ్చి, ప్లగ్గు బొక్కకి దూరంగా సిలిండరు రెక్కలకి ఆనించి, నన్ను తాడు లాగమన్నారు. బొక్కలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దానికి రవ్వ అంటుకుంటే ముఖం కాలుతుంది, అందుకే దూరం అన్నారు. లాగాను. ప్లగ్గు మొన దగ్గర ఏమీ లేదు. ఒక్క చుక్క నిప్పు లేదు. ప్లగ్గు మాత్రం తడిగా ఉంది.

"ప్లగ్గు తడిసిందంటే పెట్రోలు ఎక్కువైందనే కాదు. వచ్చిన పెట్రోలు మండడం లేదని కూడా అర్థం" అన్నారు. నెలరోజులుగా నేను చదువుతున్న మాటకి రెండో అర్థం అది.

నలభై నిమిషాలు కూర్చున్నాం. టీ తాగాం. మళ్లీ అదే ప్లగ్గు, అదే చోట ఆనించి లాగించారు. నీలంగా, చిటచిటమంటూ నిప్పురవ్వ. "కాయిలు పోయింది. వేడెక్కితే చస్తోంది, చల్లారితే బతుకుతోంది" అన్నారు. మూత విప్పి చూపించారు. ఫ్యాను పక్కన అగ్గిపెట్టెంత నల్లటి దిమ్మ. అందులో తలవెంట్రుకకంటే సన్నటి రాగితీగ వేల చుట్లు ఉంటుంది, ఆ తీగ మీద పూత ఉంటుంది. పూత ఎక్కడో దెబ్బతింటే చల్లగా ఉన్నంతసేపు ఓర్చుకుంటుంది, కాగితే లోపల్లోపలే కరెంటు దారి తప్పుతుంది, ప్లగ్గు దాకా రాదు. నేను కార్బురేటరు విప్పి, ఊది, బిగించిన ముప్పావుగంటలో బాగుపడింది కార్బురేటరు కాదు. కాయిలు చల్లారింది, అంతే. జెట్టు ఊదిన ప్రతిసారీ నేను మందు మింగింది ఉత్తపుణ్యానికే.

అప్పుడు ఆయన విమానాల సంగతి చెప్పారు. చిన్న విమానాల పిస్టను ఇంజన్లలో కూడా నిప్పురవ్వ బ్యాటరీ నుంచి రాదట. మా స్ప్రేయరులో లాగే తిరిగే అయస్కాంతం నుంచే వస్తుందట. దాన్ని మాగ్నెటో అంటారు. బ్యాటరీ చచ్చినా గాలిలో ఇంజను ఆగకూడదని అట్లా పెట్టారు. పైగా ఒకటి కాదు రెండు మాగ్నెటోలు, ఒక్కో సిలిండరుకి రెండేసి ప్లగ్గులు. పైకి లేచేముందు పైలటు ఒకదాన్ని ఆపి రెండోదాని మీద, రెండోదాన్ని ఆపి మొదటిదాని మీద ఇంజను నడిపి చూసుకుంటాడు. "అక్కడ ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. నీకున్నది ఒక్కటే" అన్నారు.

నన్ను కదిలించింది ఆ తర్వాతి మాట. మాగ్నెటో నెమ్మదిగా తిరిగితే రవ్వ పుట్టదు. వేగం ఉండాలి. విమానం ఇంజనుని స్టార్టరు నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి, మాగ్నెటోలో ఒక స్ప్రింగు పెడతారు. దాని పేరు ఇంపల్స్ కప్లింగ్. అది చుట్టుకుని, చుట్టుకుని, ఒక్కసారిగా వదిలి అయస్కాంతాన్ని విసురుగా తిప్పుతుంది. స్టార్టయ్యేటప్పుడు టక్ టక్ మని చప్పుడు వినపడుతుందట. "నీ మిషనులో ఆ స్ప్రింగు లేదు. నీ చెయ్యే ఆ స్ప్రింగు" అన్నారు.

ఆ రోజు మూడోసారి ఎందుకు అందుకోలేదో అప్పుడు తెలిసింది. అప్పటికి కాయిలు చల్లారే ఉంటుంది. చెయ్యి పడిపోయింది. మందు నా కండలోకి దిగేకొద్దీ తాడు వేగం తగ్గింది, వేగం తగ్గేకొద్దీ రవ్వ తగ్గింది. రవ్వ తగ్గేకొద్దీ నేను ఇంకా లాగాను, లాగేకొద్దీ మూతలోంచి మందు ఇంకా నా మీద పడింది. నన్ను ఆసుపత్రికి పంపింది ఏదో ఒక్కటి కాదు. చెడిపోయిన కాయిలు, పగిలిన వాషరు, నా మొండితనం కలిసి ఆ రెండు గంటలూ ఒకదాన్నొకటి ఎగదోసుకున్నాయి.

కొత్త కాయిలుకి అప్పుడు 380 రూపాయలు అయింది. మామయ్యే బిగించారు. కాయిలుకీ అయస్కాంతానికీ మధ్య సందు ఎంత ఉండాలో చూపించడానికి చుట్టూ వెతికి, కిటికీలో ఉన్న మందుల షాపు విజిటింగ్ కార్డు తీసి, ఆ సందులో పెట్టి, స్క్రూలు బిగించి, కార్డు లాగేశారు. అంత సన్నటి సందు. అందులో తుప్పు పొక్కు చేరినా రవ్వ బలం తగ్గుతుందట. మూత వాషరుకి పన్నెండు రూపాయలు అయింది. సైకిలు ట్యూబు కత్తిరించి వేసుకున్నా సరిపోయేది.

ఆ ఏడు ఎకరానికి నాలుగు క్వింటాళ్లే వచ్చాయి. పంట పోవడం వల్లే మిర్చి యార్డులో రేటు పెరిగింది, అమ్ముకోవడానికి మా దగ్గర కాయ లేదు. కౌలు అప్పు తీర్చడానికి రెండేళ్లు పట్టింది. ఇది నా ఒక్కడి లెక్క కాదు, మా బజారులో అందరిదీ ఇదే.

తర్వాత నేను తెలుసుకున్నది ఇంకొకటి ఉంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. తాగి కాదు, కొడుతూ. వాళ్ల చొక్కాలు కూడా నా చొక్కాలాగే తడిసి ఉంటాయి. వాళ్లని కూడా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఎందుకు తాగారని అడిగే ఉంటారు.

ఇప్పుడు నేను మందు కొట్టడం తగ్గించాను, మానలేదు. మిరపలో మానడం కుదరదు. నీలి అట్టలు కడుతున్నాను. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకుంటున్నాను. ఇంజను చేను మధ్యలో ఆగితే తాడు ముట్టుకోను. ట్యాంకు గట్టు మీదికి మోసుకొచ్చి, మందు డ్రమ్ములోకి వంచేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పానా పడతాను. ముందు రవ్వ చూస్తాను, అదీ వేడిగా ఉండగానే. రవ్వ ఉంటేనే పెట్రోలు వైపు వెళతాను. ఏదీ నోట్లో పెట్టుకుని ఊదను, సైకిలు పంపు పెట్టుకున్నాను.

ఇది చదివేవాళ్లలో మందు కొట్టేవాళ్లున్నా, కొట్టేవాళ్లకి అన్నాలు మోసుకెళ్లేవాళ్లున్నా నాదొక మనవి. రేపు చేనుకి బయలుదేరే ముందు ట్యాంకులో మంచినీళ్లు పోసి, మూత బిగించి, ఒకసారి పక్కకి వంచి చూడండి. ఒక్క చుక్క కారినా వాషరు మార్చేదాకా ఆ ట్యాంకుని వీపుకెత్తుకోవద్దు.